నేను పడలేదు సార్

మల్లీశ్వరి బండి తోలుకుంటూ మా ఊర్లోకి మొదటిసారి వచ్చిన రోజు రచ్చకట్ట మీద పులిజూదం ఆడేవాళ్లు ఆట ఆపి లేచి నిలబడినారు. చీర మీద మగోళ్ల చొక్కా, తలకు బిగించి కట్టిన తువ్వాల, ట్యాంకు మీద గోనెసంచిలో పానాలు. వెనకాల సీటు మీద మొగుడు చెన్నప్ప. మొగుడు వెనక కూర్చుంటే పెండ్లాం హీరో హోండా తోలడం మా తట్టు అంతవరకూ ఎవరూ చూసింది లేదు. ఒక ముసలాయన ఉండబట్టలేక అడిగినాడు.

"ఏమప్పా చెన్నప్పా, నువ్వు తోలితే పెట్రోలు ఎక్కువ తాగుతుందా?"

చెన్నప్ప కుడిచెయ్యి పైకెత్తి చూపించినాడు. మూడు వేళ్లు లేవు. మణికట్టు తిరగదు. ముసలాయన పోయి ఆట కాడ కూర్చున్నాడు.

చెన్నప్ప బోరు మోటార్ల మెకానిక్. ఊరు దొణతిమ్మాపురం, బెళుగుప్పకూ కళ్యాణదుర్గానికీ నడుమ ఉంటుంది. మోటారు కాలిపోయినా, నీళ్లు అడుక్కు పోయి ఇంకో రెండు పైపులు దించాలన్నా చుట్టుపక్కల రైతులు ఆయనకే కబురు పంపేవాళ్లు. ఒకసారి మోటారు పైకి లాగుతుండగా చైను జారి ఇనుప పైపు చేతి మీద పడింది. ఆసుపత్రి నుంచి వచ్చినాక పని తెలుసు, పని చేసే చెయ్యి లేదు. అప్పటిదాకా చెనిక్కాయ చేలల్లో కూలికి పోయే మల్లీశ్వరి ఆ చెయ్యి అయింది. ఆయన పక్కన నిలబడి చెప్తుంటే ఆయమ్మ పానా పట్టింది, కేబులు అతికించింది, చైన్ కప్పీ లాగింది. పని వచ్చింది గానీ పని ఉండే చోటికి పోయేదెట్ల? పల్లెకూ పల్లెకూ నడుమ బస్సులు లేవు. ఎక్సిలేటరు ఉండేది కుడిచేతికే.

"నేర్పించు" అంది మల్లీశ్వరి.

"ఆడదానివి, అంత బరువు బండి..."

"మోటారు కన్నా బరువా?"

చెనిక్కాయ పీకేసిన చేన్లో, వెనక మొగుణ్ణి కూర్చోబెట్టుకుని నేర్చుకుంది. అనంతపురం పోయి మగోళ్ల వరసలో నిలబడి లైసెన్సు తెచ్చుకుంది. బండిని తన పేరు మీదికి మార్పించుకుంది. థర్డ్ పార్టీ కడితే చాలని అందరూ చెప్పినా ప్రతి ఏడూ ఫుల్ ఇన్సూరెన్సే కట్టేది. "మా కడుపు దీని మీద ఉండాది. దీనికేమన్నా అయితే ఎవరు పెడతారు మాకు?" అనేది.

ఒక మాట చెప్పాల. నేర్చుకునేటప్పుడు చేన్లో పడింది, మోకాళ్లు చీరుకుపోయినాయి. లైసెన్సు వచ్చినాక మాత్రం ఆయమ్మ చేతిలో ఆ బండి ఒక్కసారీ పడలేదు. వంకల్లో, ఇసకలో, వెనక మొగుడు, ఆయన ఒళ్లో మోటారు పెట్టుకుని కూడా పడలేదు. ఆ సంగతి ఆయమ్మకు తెలుసు. పడితే నవ్వుదామని కాచుకున్న ఊర్లకు కూడా తెలుసు.

అది వానలు బొత్తిగా మొహం చాటేసిన ఏడు, రెండువేల మూడు. కొత్తగా మోటార్లు దించేవాళ్లు లేరు. ఎండిపోయిన బోర్లలో నుంచి మోటార్లు బయటికి తీయించుకునేవాళ్లే ఎక్కువ. వెంకటప్ప అనే రైతు తోటలో కూడా అదే పని. బత్తాయి చెట్లు సగం ఎండిపోయినాయి. నడిపొద్దు దాటింది. పైపులు ఒకటొకటే పైకి వస్తున్నాయి. మల్లీశ్వరి చైను లాగి లాగి, కేబులుకు చుట్టే టేపు బండి డబ్బాలో మర్చిపోయినానని దారి తట్టు నడిచింది. పొద్దున వచ్చేటప్పుడు బండిని బాట పక్కన వేపచెట్టు కింద పెట్టి, హ్యాండిల్ లాకు వేసి వచ్చింది.

బండి మీద ఎవరో కూర్చోనున్నాడు.

మొదట ఎవరో ఎండకు నీడలో కూర్చున్నాడనుకుంది. తర్వాత హ్యాండిలు గట్టిగా ఒక పక్కకు విరిచిన చప్పుడు వినబడింది. లాకు విరిగింది. హెడ్‌లైటు కింద వైర్లు లాగి ఏదో చేసినాడు, కిక్కు కొట్టినాడు.

"రేయ్! ఎవుర్రా నువ్వు? దిగరా!"

ఆయమ్మ పరిగెత్తింది. వాడు వెనక్కి చూసినాడు. ఎండకు నల్లబడిన మొహం, ఖాకీ చొక్కా, పెరిగిన గడ్డం. ఆ మొహం ఆయమ్మకు పూర్తిగా కనిపించింది. బండి కదిలింది. ఆయమ్మ అరుపుకు తోటలో నుంచి వెంకటప్పా, చెన్నప్పా ఉరుకుతూ వచ్చినారు. వాడు గేర్లు మారుస్తూ జోరు పెంచినాడు.

ఆ బాట వంక దగ్గర ఉన్నట్టుండి మలుపు తిరుగుతుంది. రోజూ పోయేవాళ్లు కూడా అక్కడ మొదటి గేరులోకి వస్తారు. వాడు నేరుగా పోయినాడు. బండి గట్టు మీద నుంచి ఎగిరి వంకలో బండల మీద పడింది.

వంక దగ్గరికి పోయేసరికి వాడు లేచి కుంటుకుంటూ సర్కారుతుమ్మ చెట్లల్లో పడి పోతాండాడు. వెంకటప్ప వెంట పడినాడు గానీ ఆ ముళ్లకంపలో మనిషి దొరకలేదు. మల్లీశ్వరి వాడి తట్టు చూడలేదు. వంకలోకి దిగి, ముందు పెట్రోలు ట్యాపు కట్టేసింది. తర్వాత చూసుకుంది. ముందర ఫోర్కులు వంగిపోయినాయి. చక్రం ఎనిమిది అంకె మాదిరి మెలి తిరిగింది. ట్యాంకు సొట్ట పోయింది. ఇంజను కింద పగిలి ఆయిలు రాళ్ల మీదికి కారతాంది. బండ సందులో వాడి చెప్పు ఒకటి, స్క్రూడ్రైవరు ఒకటి దొరికినాయి. రెండూ సంచిలో వేసుకుంది. విరిగిన బండిని ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చినారు.

ఆ సాయంత్రమే స్టేషనుకు పోయింది. రాసేది హెడ్ కానిస్టేబులు. విన్నాడు, పెన్ను మూత తీయలేదు.

"బండి యాడుండాది ఇప్పుడు?"

"ఇంటికాడ ఉండాది సార్."

"మరి పోయిందేముందమ్మా? బండి పోలేదు, దొంగ దొరకలేదు. ఏమని రాయాల నేను?"

"దొంగతనం చేయబోయినాడని రాయండి. నా బండి నాశనం చేసినాడని రాయండి."

"రేపు రా, చూద్దాం."

రేపు పోయింది. సారు లేడన్నారు. ఆ మరుసటి రోజూ పోయింది. బందోబస్తుకు పోయినారన్నారు. పనికి పోయే దారి మూసుకుపోయింది కాబట్టి ఆయమ్మకు వేరే పని లేదు. సద్దిమూట కట్టుకుని పోయి స్టేషను వరండాలో కూర్చునేది. వెంకటప్ప కూడా ఒక రోజు తోడొచ్చినాడు. "నేను కండ్లారా చూసినా సార్, సాక్షం నేను చెప్తా" అన్నాడు. చివరికి ఎస్సై ఒకరోజు జీపు దిగుతూ, ఆయమ్మ ముందర పేపరు మీద పెట్టుకున్న చెప్పు చూసి ఆగినాడు.

"ఏమిది?"

"దొంగ చెప్పు సార్. మీరు తీసుకుంటే నేను ఇంటికి పోతా."

ఎస్సై నవ్వు ఆపుకున్నాడు. లోపలికి పిలిచి మొత్తం విని, హెడ్ కానిస్టేబులుతో "రాయప్పా" అన్నాడు. ఆ రోజు కేసు కట్టినారు, ఎఫ్ఐఆర్ కాపీ చేతికి వచ్చింది.

అక్కడితో అయిపోయిందనుకుంది. అసలు పోరు అప్పుడు మొదలైంది.

ఆయమ్మకు ఇన్సూరెన్సు కట్టించిన ఏజెంటు ఎర్రన్న. కళ్యాణదుర్గంలో బస్టాండు పక్కన చిన్న గది. చెడ్డవాడు కాదు. కాగితాలు చూసి తల గీరుకున్నాడు.

"అక్కా, ఇది చిక్కు కేసు. దొంగతనం కిందికి రావాలంటే బండి పోవాల. యాక్సిడెంటు కిందికి రావాలంటే తోలినోనికి లైసెన్సు ఉండాల. దొంగకు లైసెన్సు ఉండాదని ఎట్ల చూపిస్తావు? నా మాట విను. దొంగ సంగతి వదిలెయ్. నువ్వే తోలుతాంటివి, గొర్రె అడ్డమొచ్చింది, వంకలో పడినావు. అంతే రాయి. నీకు లైసెన్సు ఉండాది. నెల తిరక్కముందే పాసవుతాది."

"నేను పడలేదన్నా."

"అబ్బా, కాగితంలో పడక్కా. ఒంటికి దెబ్బ తగులుతుందా?"

ఫారం తీసుకుని ఇంటికి వచ్చింది. రాత్రి అన్నం దగ్గర చెన్నప్ప కూడా అదే మాట అన్నాడు.

"రాసెయ్ మల్లీ. ఎవురు చూడొచ్చినారు? పని లేక పొయ్యి ఆరిపోయే కాలం వచ్చె. వెంకటాంపల్లె వాళ్లు అప్పుడే వేరే మెకానిక్కును పిలిపించుకున్నారంట."

మల్లీశ్వరి ముద్ద కింద పెట్టింది.

"నువ్వు వెనకాల కూర్చోనుంటావు గదా, ఏ రోజన్నా నిన్ను కింద వేసినానా?"

"లేదు."

"ఈ బండి ఆడది తోలితే పడతాదని ఎంతమంది అన్నారో నీకు తెల్దా? రేపు ఆఫీసు నుంచి మనిషి వస్తాడు, ఊర్లో విచారిస్తాడు. మల్లీశ్వరి యాడ పడిందప్పా అని అడుగుతాడు. ఊరు ఊరంతా ఏమంటాది? ఆ, మాకు తెలుసు, ఎప్పుడో ఒకనాడు పడతాదని అంటాది. ఆ దుడ్లు నాకు వద్దు. అదీగాక స్టేషన్లో దొంగ అని రాయించి, ఈడ గొర్రె అని రాస్తే నేను మనిషినేనా?"

చెన్నప్ప గుడ్డిదీపం వెలుతుర్లో ఫారం పట్టుకుంటే ఆయమ్మే నింపింది. ఏడో తరగతి దాకా చదివింది. 'ప్రమాద సమయమున వాహనము నడిపిన వారి పేరు' అన్నచోట 'దొంగ' అని రాసింది. 'లైసెన్సు నంబరు' అన్నచోట 'తెలియదు, పారిపోయినాడు' అని రాసింది.

ఇన్సూరెన్సు వాళ్లు పంపిన సర్వేయరు నరసింహులు అని, నడివయసాయన, ఒక ఉదయం స్కూటరు మీద వచ్చినాడు. మొదట ఆయనకూ అనుమానమే. ఇలాంటి బండ్లు ఎన్నో చూసినవాడు.

"నిజం చెప్పమ్మా. మీ ఇంట్లో మగపిల్లోళ్లు ఎవరన్నా తాగి తోలినారా?"

"మాకు బిడ్డల్లేరు సార్. ఈయన తోలలేడు. ఈ బండి తోలేది నేనొక్కదాన్నే. నేను పడలేదు."

ఆయన బండి చుట్టూ తిరిగినాడు. హ్యాండిల్ లాకు విప్పించి లోపల విరిగిన ముక్క చూసినాడు. తెగ్గోసిన వైర్ల ఫొటో తీసుకున్నాడు. వంక దాకా పోయి వెంకటప్పతో మాట్లాడినాడు. తిరిగి వచ్చి మజ్జిగ తాగి, "నేను చూసింది చూసినట్టు రాస్తా. పాస్ చేసేది నేను కాదు" అని చెప్పి పోయినాడు.

ఆ మాట నిజమే అయింది. కొన్నాళ్లకు అనంతపురం ఆఫీసు నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. బడి టీచరు సరళమ్మ చదివి చెప్పింది. వాహనం చోరీ కాలేదు కాబట్టి చోరీ కింద రాదు. నడిపిన వ్యక్తికి లైసెన్సు ఉన్న రుజువు లేదు కాబట్టి ప్రమాదం కింద రాదు. క్లెయిము తిరస్కరించడమైనది.

మల్లీశ్వరి మరుసటి పొద్దున బస్సెక్కింది.

ఆఫీసులో మేనేజరు ఫ్యాను కింద కూర్చోనున్నాడు. ఉత్తరం చూసి, "రూలు అంతేనమ్మా, నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు.

"సార్, ఒక్క మాట అడుగుతా. దొంగ బండి ఎత్తుకుపోయేటప్పుడు నేను అడ్డం నిలబడి, లైసెన్సు చూపించి ఎత్తుకుపో నాయనా అని అడగాల్నా?"

పక్క టేబుళ్ల దగ్గర నవ్వులు వినబడినాయి. మేనేజరు నవ్వలేదు. ఆయమ్మ కూడా నవ్వలేదు.

"బండి మొత్తం ఎత్తుకుపోయుంటే ఇస్తురా?"

"ఎఫ్ఐఆర్ ఉండి, బండి దొరకలేదని పోలీసులు రాసిస్తే ఇస్తాం."

"అంటే నేను అరిచి, ఉరికి, బండిని కాపాడుకున్నందుకు ఇయ్యరన్నమాట. గమ్మున చూస్తా నిలబడింటే ఇస్తురు."

మేనేజరు పెన్ను కింద పెట్టినాడు. "పైకి ఇంకోసారి రాస్తాను. కానీ ఆ దొంగ ఎవరో తేలకపోతే ఇట్లే తిరిగి వస్తాది" అన్నాడు. ఆ మాటలో మోసం లేదని ఆయమ్మకు అనిపించింది.

ఆ నెలలు గడ్డుగా గడిచినాయి. మల్లీశ్వరి సైకిలు బాడుగకు తెచ్చి, చెన్నప్పను క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని దగ్గర ఊర్లకు తొక్కింది. దూరపు ఊర్ల పనులు చేయి జారినాయి. తిరునాళ్లకు కట్టుకునే పట్టుచీర అమ్మేసింది. బండి మీద గోనెపట్టా కప్పి వసారాలో ఉంచింది. దాన్ని పాత ఇనుముకు వేయమని అడిగినవాళ్లతో మాట్లాడనే లేదు.

చలికాలంలో స్టేషను నుంచి కబురు వచ్చింది. దొంగబండి అమ్మబోతూ ఒకడు పట్టుబడినాడు, వంక దగ్గర బండి పడేసింది కూడా ఒప్పుకున్నాడు, వచ్చి గుర్తుపట్టాలని.

లోపల గోడవార కూర్చున్న మనిషిని చూస్తూనే ఆయమ్మ "ఈయప్పే" అంది. పేరు తిప్పేష్. గడ్డం లేదు గానీ అదే మొహం.

హెడ్ కానిస్టేబులు ఈసారి పెన్ను మూత తానే తీసినాడు. "ఇంకొంచెం గట్టిగా రాద్దామమ్మా. నిన్ను నెట్టేసినాడు, మెడలో గొలుసుకు చెయ్యి వేసినాడు అని. బెయిలు రాదు వీడికి. నీకు జరిగిన నష్టానికి మనసన్నా చల్లబడుతుంది."

మల్లీశ్వరికి ఆ మాట రుచించింది. ఆ సంగతి ఆయమ్మే తర్వాత మా ఇంట్లో చెప్పింది. సైకిలు తొక్కి తొక్కి కాళ్లు పీకిన రాత్రులు గుర్తొచ్చినాయంట. వాడికి ఎంత శిక్ష పడినా తక్కువే అనిపించిందంట. అయినా తల అడ్డంగా ఊపింది.

"వాడు నన్ను ముట్టుకోలేదు సార్. నేను దగ్గరికి పోనేలేదు. బండి ఎత్తుకుపోయింది రాయండి, పగలగొట్టింది రాయండి. జరగనిది రాయొద్దు."

గోడవార కూర్చున్నవాడు అప్పుడు తలెత్తినాడు. మల్లీశ్వరి వాడి తట్టు తిరిగి, ఇన్ని నెలలుగా మనసులో మెదులుతున్నది అడిగేసింది.

"ఏమప్పా, ఆ మలుపులో అంత జోరుగా ఎవడన్నా పోతాడా? బండి తోలడం వచ్చునా నీకు?"

"పదేండ్లు జీపు తోలినా అక్కా. ఓనరు కరువుకు తట్టుకోలేక జీపు అమ్మేసినాడు. ఆ బాట నాకు తెల్దు."

"జీపు తోలినావా? అయితే లైసెన్సు ఉండాదా?"

"ఉండాది. జీపుకూ మోటారు సైకిలుకూ రెండిటికీ. నా పర్సులో ఉండె, సార్లు తీసుకున్నారు."

మల్లీశ్వరి నేరుగా ఎస్సై గదిలోకి పోయి, ఆ లైసెన్సు కాపీ కావాలని అడిగింది. దేనికని ఆయన అడిగితే జరిగినదంతా చెప్పింది. ఎస్సై ఈసారి నవ్వు ఆపుకోలేకపోయినాడు. అర్జీ పెట్టించుకుని, జిరాక్సు మీద స్టాంపు వేయించి ఇచ్చినాడు.

ఇన్సూరెన్సు ఆఫీసు మేనేజరు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసినాడు. తారీఖు చూసినాడు. లైసెన్సు చెల్లుబాటులోనే ఉంది.

"దొంగకు లైసెన్సు ఉంది" అన్నాడు, తనకు తానే చెప్పుకున్నట్టు.

"ఉండాది సార్. ఇంక ఏం కావాల?"

"ఇంకేమీ వద్దమ్మా. కూర్చో" అని, టీ తెప్పించినాడు. నరసింహులు రాసిన రిపోర్టు బయటికి తీయించి, ఆయమ్మ ముందరే పైకి రాసే ఉత్తరం చెప్పి రాయించినాడు.

ఈ నడుమ ఒక సాయంత్రం తిప్పేష్ తల్లి బయమ్మ దొణతిమ్మాపురం వచ్చింది. గడప అవతలే కూర్చుని, కేసు వెనక్కి తీసుకోమని ఏడ్చింది. చెన్నప్ప మొహం తిప్పుకున్నాడు. మల్లీశ్వరి ఆ ముసలామెకు నీళ్లిచ్చింది, రాగిసంగటి పెట్టింది. తిన్నాక చెప్పింది.

"అవ్వా, కేసు తీయను. లేనిది చెప్పను. కోర్టులో ఏది చూసినానో అదే చెప్తా, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పను."

కోర్టులోనూ అట్లే చెప్పింది. తిప్పేష్‌కు కొన్ని నెలలు శిక్ష పడింది. గొలుసు దొంగతనం కూడా అంటుకునుంటే ఏండ్లకు ఏండ్లు లోపల ఉండేవాడని వకీలు అన్నాడంట.

చెక్కు వచ్చేసరికి మళ్లీ ఎండాకాలం వచ్చింది. అడిగినంత రాలేదు. రబ్బరుకు ఇంత, ప్లాస్టిక్కుకు ఇంత, పాతదైనందుకు ఇంత అని కోసేసినారు. మిగతాది తాను వేసుకుని కళ్యాణదుర్గంలో బండి బాగు చేయించింది. కొత్త ఫోర్కులు, కొత్త చక్రం, కొత్త లాకు వేసినారు. ట్యాంకు సొట్ట మాత్రం తీయించలేదు, ఆ దుడ్లు పెట్రోలుకు దాచుకుంది. మెకానిక్కు హ్యాండిలు పట్టుకుని, "కొంచెం ఎడమకు లాగుతాదక్కా, చూసుకో" అన్నాడు.

"నేను చూసుకుంటాలే" అని ఎక్కి కూర్చుంది.

మరుసటి రోజు తెల్లవారకముందే చెన్నప్పను వెనక ఎక్కించుకుని బయల్దేరింది. ముందు వెంకటాంపల్లెకే పోయింది, తమను వదిలి వేరే మెకానిక్కును పెట్టుకున్న ఊరికి. మునుపు తమను పిలిచే రైతు ఇంటి ముందర బండి ఆపింది. పండ్లు తోముకుంటున్న రైతు పుల్ల నోట్లోనే పెట్టుకుని చూసినాడు.

"అన్నా, బండి వచ్చింది. మీ బోరు ఎట్లుండాది? మోటారు పని ఏమన్నా ఉంటే చెప్పు, ఇప్పుడే దిగుతాం" అంది.

ఆయన పుల్ల తీసి ఉమ్మేసి, చేను తట్టు చెయ్యి చూపించినాడు. మల్లీశ్వరి గేరు వేసింది.